దీవెన తగిలింది

శనివారం ఉదయం తొమ్మిదింటికల్లా టోర్మోడ్ ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాడు. నిజం చెప్పాలంటే బుధవారం నుంచే సిద్ధంగా ఉన్నాడు. గాలపు కర్రలు, ఈగల్లా కనబడే ఎరల డబ్బాలు, వారానికి సరిపడా ఎండుమాంసం, రొట్టె, మేకజున్ను, కాఫీ పొడి అన్నీ వరండాలో వరసగా పేర్చి, రోజుకు నాలుగుసార్లు వాటి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు కూడా తొడిగేసుకున్నాడు. నీళ్ళలో దిగేది సాయంత్రం. "ఇప్పట్నించీ ఎందుకది?" అని భార్య గున్వోర్ అడిగితే, "అలవాటు పడొద్దూ?" అన్నాడు. పధ్నాలుగేళ్ళుగా అదే ప్యాంటు.

పై పీఠభూమి మీద, సరస్సు ఒడ్డున ఉన్న ఆ చేపల లాడ్జికి రోడ్డు లేదు. శనివారం పన్నెండింటికి మా రేవులో నీళ్ళ మీంచి లేచే చిన్న విమానం ఒక్కటే దారి. నడిపేది ఆస్లక్. ఇంజను మోత పడక చెవులకు రెండు పెద్ద డిప్పలు తగిలించుకుంటాడు. అవి పెట్టుకున్నాక ఆస్లక్‌కి దేవుడు పేరు పెట్టి పిలిచినా వినబడదు.

ఈ ఏడు టోర్మోడ్‌కి చావో రేవో అన్నట్టుంది. లాడ్జి గోడకి ఒక చెక్క పలక ఉంది. ఆ సరస్సులో ఎర్రపొట్ట చేపల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని ఎవరు పట్టుకుంటే వారి పేరు దాని మీద కాల్చి రాస్తారు. తొమ్మిదేళ్ళుగా అక్కడ ఉన్న పేరు ఆడ్వర్‌ది. నాలుగు కిలోల ఇరవై గ్రాములు. ఆడ్వర్ అంటే గున్వోర్ సొంత అన్న, టోర్మోడ్‌కి బావ. తొమ్మిది క్రిస్మస్‌లుగా ఆ చేప కథ భోజనాల బల్ల మీదికి వస్తూనే ఉంది, వచ్చిన ప్రతిసారీ తోక కొంచెం పెరుగుతూనే ఉంది. టోర్మోడ్ ఇంతవరకు పట్టింది మూడున్నర దాటలేదు. ఇప్పుడేమో లాడ్జి యజమాని ముసలివాడైపోయి, ఈ సీజను అవగానే మూసేస్తున్నాడు. పలక మీద ఆఖరున ఎవరి పేరుంటే పలక వాళ్ళింటికే. ఆడ్వర్ అప్పుడే తన హాల్లో సోఫా పైన మేకు కొట్టి ఉంచాడు.

మా ఊళ్ళో వేటకు వెళ్ళేవాడికి శుభం పలకడమంటే వాడి పడవకి చిల్లు పెట్టడమే. అనవలసిన మాట ఒక్కటే: "పెంటవేట!" నీకు పెంట తప్ప చేప దొరక్కూడదని అర్థం. ఎంత కసిగా తిడితే అంత బాగా పడతాయి. ఆ ఉదయం అంతా సవ్యంగానే మొదలైంది. "పెంటవేట! వట్టి చేతుల్తో రా," అంది గున్వోర్. ఎదురింటి ముసలమ్మ కిటికీ తెరిచి, "నీ గాలానికి పాత బూటు తగలా!" అని అరిచింది. టోర్మోడ్‌కి కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా పదిన్నరకి గేటు ముందు సైకిలు ఆగింది. సైకిలు మీద ఉన్నది చర్చి పాస్టరమ్మ సిగ్రిడ్.

"శుభోదయం టోర్మోడ్ గారూ! వేటకా? మీ వేట బ్రహ్మాండంగా సాగాలి! దేవుడు మీ గాలాన్ని దీవించుగాక!" అని చెయ్యెత్తి, నవ్వి, గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

టోర్మోడ్ చేతిలోని ఫ్లాస్కు జారి మెట్ల మీద భళ్ళుమంది. పాస్టరమ్మకి మా ఆనవాయితీ తెలియదని కాదు. దక్షిణ తీరంలో, దెయ్యం పేరెత్తితే నోరు కడుక్కునే ఇంట్లో పుట్టిన మనిషి. ఆ బూతుమాట తన నోట రానివ్వనని పట్టు. కిందటేడు వసంతంలో రేవుకొచ్చి పడవలన్నిటినీ వరసపెట్టి దీవించింది. జాలరులు రెండు రోజులు సముద్రం మొహం చూడలేదు. అప్పట్నించి వాళ్ళు పెళ్ళికీ చావుకీ తప్ప చర్చి మెట్లెక్కడం లేదు.

"పోయింది," అన్నాడు టోర్మోడ్ నీరసంగా. "అంతా పోయింది."

"ఏం పోలేదు. ఫ్లాస్కు పోయింది," అంది గున్వోర్.

టోర్మోడ్ రీలు తిప్పి చూశాడు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. అది బుధవారం నుంచి గంటకోసారి తిప్పడం వల్ల వదులైందని గున్వోర్ చెబుతూనే ఉంది, అతని చెవికెక్కలేదు. అదే సమయానికి ఆడ్వర్ సాగనంపడానికి వచ్చాడు.

"ఏంటి బావా, మొహం అలా పెట్టావ్?"

సంగతంతా విన్నాడు. లోపల పండగలా ఉన్నా, పైకి చావింటికి వచ్చినవాడిలా తలాడించాడు. "అబ్బబ్బ! పాస్టరమ్మే స్వయంగా దీవించిందా? మామూలు దీవెన కాదు బావా అది. గట్టిగా పట్టుకుంటుంది."

"ఎదురింటావిడ చేత ఇంకోసారి తిట్టించుకుంటే?"

"లాభం లేదు. దీవించిన నోరే తిట్టాలి. మా తాత ఎప్పుడూ చెప్పేవాడు."

"మన తాత దర్జీ కదన్నయ్యా! పడవెక్కితే వాంతులు చేసుకునేవాడు," అంది గున్వోర్.

"అందుకే బయట నుంచి చూసి అన్నీ గ్రహించాడు," అన్నాడు ఆడ్వర్ తొణక్కుండా. పాస్టరమ్మ పదకొండింటికి పెళ్ళి చేయించాలని అతనికి తెలుసు. పెళ్ళి మొదలైతే పన్నెండున్నర దాకా ఆవిడ దొరకదనీ తెలుసు.

టోర్మోడ్ అప్పటికే గేటు దాటాడు. "గున్వోర్! సామాను రేవుకి చేర్పించు. నేను వచ్చేదాకా ఆస్లక్‌ని కదలనివ్వకు!"

"వాణ్ణి ఎవడాపుతాడు?"

"వెళ్ళి నా సీట్లో కూర్చో! సీట్లో వేరే మనిషి ఉంటే విమానం లేపుతాడా ఏమిటి!"

రబ్బరు ప్యాంటు కీచుకీచుమంటుంటే టోర్మోడ్ ఊరి మధ్యలోంచి పరుగెత్తాడు. చర్చి వెనక గదిలో సిగ్రిడ్ నల్లటి అంగీ వేసుకుని, అద్దంలో మెడపట్టీ సర్దుకుంటోంది. ఆ పట్టీకి మైకు తగిలించి ఉంది. అది అప్పటికే పనిచేస్తోందని ఆవిడకి తెలియదు. చర్చి నిండా ఉన్న నూట ఇరవై మందికి మాత్రం తెలుసు.

"పాస్టరమ్మగారూ! మీరిచ్చిన దీవెన వెనక్కి తీసుకోండి!"

పెళ్ళివారు ఉలిక్కిపడి పైనున్న స్పీకర్ల కేసి చూశారు.

"దీవెన వెనక్కి తీసుకోవడమేమిటండీ? కొట్లో కొన్న చొక్కానా?"

"అయితే తిట్టండి!"

"తిట్టను. బయట పెళ్ళి జనం కూర్చున్నారు. మర్యాదగా వెళ్ళండి."

టోర్మోడ్ మోకాళ్ళ మీద పడ్డాడు. "పధ్నాలుగేళ్ళమ్మా! పధ్నాలుగేళ్ళుగా దాని కోసమే బతుకుతున్నాను. నాలుగేళ్ళ కిందట ఒక్కసారి చేతికి చిక్కింది. ఎర్రగా, నిగనిగలాడుతూ! ఇలా పట్టుకున్నాను, అలా జారిపోయింది. ఇవాళ వదిలేశానంటే ఇంక ఈ జన్మకి దక్కదు నాకు!"

పెళ్ళికూతురు తండ్రి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఊళ్ళో ఎర్రజుట్టు ఉన్నది ఆ పిల్ల ఒక్కతికే. నూట ఇరవై తలలు ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి.

"నాకేం తెలీదు!" అంది పెళ్ళికూతురు, ఎవరూ ఏమీ అడక్కముందే.

ముందు వరసలో పెళ్ళికొడుకు ఐవిండ్ మొహం కందగడ్డయింది. ఆర్నెల్ల కిందటే కొత్త పడవ కొనుక్కున్న జాలరి. కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. అతని తండ్రి, ముప్ఫై ఏళ్ళు కాడ్ చేపల పడవ నడిపిన మనిషి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వెనకాలే నడిచాడు. స్పీకర్లు మాత్రం ఆగలేదు.

"మీరు తిట్టేదాకా ఇక్కణ్ణించి కదలను! ఆ ఆడ్వర్ గాడు మేకు కూడా కొట్టుకున్నాడమ్మా!"

సిగ్రిడ్ రెండేళ్ళుగా ఓర్చుకుంటోంది. ఖాళీ బెంచీలకు ప్రసంగాలు చెప్పింది. తను ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయే మొహాలకు నమస్కారాలు పెట్టింది. ఇప్పుడు ఈ రబ్బరు ప్యాంటు మనిషి తన అంగీ అంచు పట్టుకుని గుంజుతున్నాడు. కట్ట తెగింది.

"సరే! తీస్కో! పెంటవేట! విన్నావా? పెంటవేట! నీ దారం తెగా! నీ గాలానికి నాచు పట్టా! నీ పడవలోకి చేప కాదు గదా, చేప వాసన కూడా రాకుండా పోనూ! ఈ ఊరి పడవలన్నీ, మీరూ, మీ వలలూ అన్నీ పెంటలో కొట్టుకుపోను! చాలా? ఇక పో అవతలికి!"

సరిగ్గా అప్పుడే తలుపు తెరిచి ఐవిండ్ లోపలికి వచ్చాడు. పిడికిలి ఎత్తి ఉంది. ఎత్తిన పిడికిలి అలాగే ఆగిపోయింది. సిగ్రిడ్ తన మెడ దగ్గర వెలుగుతున్న చిన్న ఎర్రదీపాన్ని అప్పుడు చూసింది. ఉద్యోగం పోయిందనుకుంది.

"పాస్టరమ్మగారూ," అన్నాడు ఐవిండ్ తండ్రి, ఆవిడ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని. "మీరీ ఊరొచ్చిన రెండేళ్ళలో మా పడవల గురించి నోరారా ఒక మంచిమాట అన్నది ఇవాళే."

"మావాడి పడవ కొత్తదమ్మా," అంటూ ఐవిండ్ తల్లి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "సోమవారం బయల్దేరుతోంది. దాన్ని విడిగా ఒకసారి తిట్టండి, పుణ్యముంటుంది."

ఇక జాలరులంతా క్యూ కట్టారు. ఇద్దరు అన్నదమ్ములు 'ముందు మా పడవ' అంటే 'మా పడవ' అని తోసుకున్నారు. సిగ్రిడ్ బిత్తరపోయి చూసింది. తరవాత గొంతు సవరించుకుని, మొదటివాణ్ణి "మీ పడవ పేరేమిటి?" అని అడిగింది. ఆవిడలో ఇంత విద్వత్తు ఉందని ఎవరూ ఊహించలేదు. ఒక్కో పడవకి ఒక్కో కొత్త తిట్టు పెట్టింది, ఒక్కటీ రెండోసారి రాలేదు.

టోర్మోడ్ జారుకుందామని చూశాడు. ఐవిండ్ తండ్రి భుజం పట్టుకుని గుండెకు హత్తుకున్నాడు. "ఎక్కడికయ్యా? ఇదంతా నీ చలవే! రా, మా పక్కన ముందు వరసలో కూర్చో."

"నాకు విమానం..."

"ఇంకా పావుగంటుందిలే. ఒక్క పాట విని పో."

కూర్చోబెట్టగానే ఆర్గన్ మోగింది, పెళ్ళికూతురు నడవడం మొదలుపెట్టింది. పెళ్ళికూతురు నడుస్తుండగా లేచి బయటికి పోయినవాడు మా ఊళ్ళో ఇంతవరకు లేడు. టోర్మోడ్ కాలు కదిపితే ప్యాంటు కీచుమంటోంది, కీచుమంటే పెళ్ళికూతురి తండ్రి గుడ్లురుముతున్నాడు. ఎర్రజుట్టు సంగతి ఆయనకింకా ఎవరూ విడమరిచి చెప్పలేదు. పాస్టరమ్మ పెళ్ళికొడుకుని అడగవలసిన ప్రశ్న అడిగింది. అందరూ ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో చర్చి పైనుంచి ఇంజను మోత వినబడింది.

"వద్దు!" అని టోర్మోడ్ గావుకేక పెట్టాడు.

రెండు నిమిషాల తరవాత అతణ్ణి పెళ్ళికూతురి తండ్రి స్వయంగా బయట దింపాడు. ఒక బూటు లోపలే ఉండిపోయింది.

రేవులో ఆడ్వర్ ఒక్కడే ఉన్నాడు. పడవలు కట్టే దిమ్మ మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"గున్వోర్ ఏది?"

ఆడ్వర్ ఆకాశం కేసి వేలెత్తి చూపాడు.

"సీటు పట్టుకోమన్నావుగా బావా, పట్టుకుంది."

"దిగలేదా? చెప్పలేదా వాడికి?"

"అరిచింది. భుజం మీద కొట్టింది కూడా. వాడు తనని మెచ్చుకుంటోందనుకుని బొటనవేలు చూపించి లేపేశాడు. ఇంట్లో వేసుకునే చెప్పులతో పోయింది బావా! దానికి చేప వాసనే పడదు! వారం దాకా మళ్ళీ విమానం లేదు!"

టోర్మోడ్ ఆ దిమ్మ పక్కనే కూలబడి ఏడ్చాడు. పధ్నాలుగేళ్ళు, మూడు గాలపు కర్రలు, ఆఖరి సంవత్సరం, అన్నీ కొండ మీదికి ఎగిరిపోయాయి. ఆడ్వర్‌కి జాలేసింది. గెలిచినవాడికి జాలి తేలిగ్గానే వస్తుంది. ఇంటికి తీసుకెళ్ళి సూపు కాచి పోశాడు, మర్నాడు ఆదివారం కూడా బంగాళదుంపలు పట్టుకుని వచ్చాడు. తింటున్నంతసేపూ పలకకి ఏ రంగు ఫ్రేము కడితే బాగుంటుందని సలహా అడుగుతూనే ఉన్నాడు. కాఫీ పోసుకుంటుండగా ఫోను మోగింది. లాడ్జి నుంచి గున్వోర్. ఆడ్వర్ ఉత్సాహంగా స్పీకరు నొక్కాడు.

"టోర్మోడ్, ఈ చేప నోట్లోంచి గాలం ఎలా తియ్యాలోయ్?" అంది గున్వోర్.

"చేపా? ఎంతుంది?"

"మూడు కిలోల తొమ్మిది వందలంటున్నారు. నిన్న పడింది మూడున్నర. దాన్ని వెన్నలో వేయించుకుని తినేశాం. వెన్నలో వేయిస్తే వాసనే లేదు, తెలుసా? ఇన్నాళ్ళూ నువ్వు వండటం వల్లన్నమాట."

ఆడ్వర్ కప్పు గాల్లోనే ఆగింది.

"ఎలా పట్టావు?" అన్నాడు టోర్మోడ్ పీలగా.

"నేనేం పట్టలేదు, అదే వచ్చింది. కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుని స్వెట్టరు అల్లుకుంటున్నాను. ఇక్కడ ఎంత హాయిగా ఉందో! ఎవ్వరూ మాట్లాడరు. రేపు పెద్ద రాయి వెనక లోతుకి తీసుకెళ్తారట. ముసలి చేపలన్నీ అక్కడే ఉంటాయట, అయిదు కిలోల దాకా. పలక మీద ఎవరి పేరో రాస్తారటగా, ఇప్పట్నించే నా పేరు స్పెల్లింగ్ అడుగుతున్నారు."

బావా బావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడ్వర్‌కి సోఫా పైన ఖాళీగా మిగిలిపోయిన మేకు కనబడింది. టోర్మోడ్‌కి అంతకన్నా ఘోరం కనబడింది. ఆ పలక తన ఇంట్లోనే, తన కుర్చీకి ఎదురుగా, చచ్చేదాకా గున్వోర్ పేరుతో వేలాడుతూ ఉంటుంది.

"వింటున్నావా? నాకు వేట ఇదే మొదలు. సాగనంపుతూ ఏదో ఒకటి అనాలి కదా, అనవోయ్," అంది గున్వోర్.

టోర్మోడ్ రెండు చేతుల్తో ఫోను పట్టుకుని లేచి నిలబడ్డాడు. పక్కనే ఆడ్వర్ కూడా లేచాడు.

"నీ వేట బ్రహ్మాండంగా సాగాలి గున్వోర్!" అన్నాడు టోర్మోడ్. "దేవుడు నీ గాలాన్ని దీవించుగాక!"

"పడవ నిండా పడాలి చెల్లీ! శుభం, శుభం!" అని ఆడ్వర్ గొంతు కలిపాడు.

ముప్ఫయ్యారేళ్ళ కాపురంలో టోర్మోడ్ భార్యని అంత మనసారా దీవించింది అదే మొదటిసారి.