ఎడమ కాలి అవ్వ

లోకంలో ఇంతవరకు జరిగిన యుద్ధాలన్నీ కాంట్రాక్టర్లు గెలిచినవే. సిపాయిలు కూడా వెళతారు గాని, అది సరుకు సరిగ్గా చేరిందో లేదో చూడటానికి. సిపాయి కాలు కదలాలంటే ముందు సరుకు కోరే కాగితం, అంటే ఇండెంటు, కదలాలి. ఇండెంటు కదలాలంటే దాని మీద ముద్ర పడాలి. ముద్ర పడాలంటే బీరువా తాళంచెవి ఉన్న మనిషి భోజనం చేసి రావాలి. ఈ సంగతి తెలియనివాళ్ళే తుపాకుల గురించి మాట్లాడతారు.

ఆరాయికి ఈ సంగతి తెలియదు. ఆమె కోయంబత్తూరు నూలుమిల్లు ఒకదానిలో కండెలు మార్చే పని చేస్తుంది. పాలు తాగే బిడ్డను అవ్వ మూకాయి ఒడిలో పెట్టి పొద్దున్నే మిల్లుకు పోతుంది. అవ్వ ఉంటేనే మిల్లు, మిల్లు ఉంటేనే పొయ్యి. వరసగా కొన్నాళ్ళు కనబడకపోతే మిల్లులో పేరు కొట్టేస్తారు. గేటు బయట ఆ పేరు కోసం కాచుకుని ఉన్నవాళ్ళకు కొదవ లేదు. ఈ ఏర్పాటులో జపానుతో యుద్ధానికి ఏ సంబంధమూ లేదు, ఒక తంతి వచ్చేదాకా.

మేట్టుపాళయం రోడ్డులో కొత్తగా గుడారాలు వేసుకున్న ఒక పటాలం, యుద్ధ సరఫరాల ఉపకార్యాలయానికి తంతి కొట్టింది. సిపాయికొక జత చొప్పున పట్టీలు వెంటనే పంపాలని దాని సారాంశం. పట్టీ అంటే సిపాయి చీలమండ నుంచి మోకాలిదాకా చుట్టుకునే ఖాకీ ఉన్ని గుడ్డ. అడవిలో జలగలు పట్టకుండా కాపాడుతుంది. అయితే తంతి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, ఇంగ్లీషు అక్షరాలకు దీర్ఘాల పట్టింపు లేదు. ఆ కార్యాలయం గుమాస్తా సంజీవి దాన్ని అరవంలో ‘పాట్టి’ అని చదివాడు. అరవంలో పాట్టి అంటే అవ్వ. (పొట్టిగా ‘పట్టి’ అని చదివి ఉంటే మేకల దొడ్డి అని అర్థం వచ్చేది. పటాలానికి దొడ్లు వెళ్ళేవి.) ఇంగ్లీషులో రాసినదాన్ని అరవంలో చదివి తెలుగులో అర్థం చేసుకోవడం ఇక్కడి తెలుగువాళ్ళకు తరతరాలుగా అలవాటే. అందువల్ల ఎవరికీ అనుమానం రాలేదు.

అనుమానం లాంటిది ఒక్క సంజీవికే వచ్చింది. అందరూ మొదలాళి (యజమాని) అని పిలిచే సరఫరా కాంట్రాక్టరు రత్నసభాపతి ముందు నిలబడి తల గోక్కున్నాడు.

“మొదలాళీ, మన ఇండ్లలో ఆడబిడ్డలు కాలికి పెట్టుకొనే వెండి పట్టీలు ఏమన్నా అడిగిండారేమో?”

“ఏమయ్యా సంజీవీ, గలగలమని పట్టీలు కట్టుకోని పోతే జపానోడు పారిపోతాడా, తోడొచ్చి ఆడతాడా? అవ్వలనే అడిగిండారు. సిన్న పిల్లకాయలు, దూరదేశం పోతుండారు. తల నిమిరేదానికి ఒకరు వొద్దా?”

“ఒకరు సరే. జత అని ఉండాదే!”

“అమ్మను కన్నది ఒకటి, అబ్బను కన్నది ఒకటి. జత కాకుంటే ఇంకేమి?”

సంజీవికి సందేహం తీరింది. రత్నసభాపతి అంతకుముందు పటాలానికి మేకలు, చీపుళ్ళు, ఐసుగడ్డలు సరఫరా చేసినవాడు. అవ్వలు వాటన్నిటికంటే సులువు. ఐసు మాదిరి దారిలో కరిగిపోరు, మేకల మాదిరి తాడు తెంచుకోరు, అన్నిటికీ మించి ప్రతి గుమ్మంలోనూ ఒకరు దొరుకుతారు. ఆరాయి మిల్లు నుంచి తిరిగి వచ్చేసరికి బిడ్డ పక్కింట్లో ఏడుస్తోంది. అవ్వ కూర్చునే చాప మీద రసీదు ఉంది.

శిబిరంలో తనిఖీ అధికారి చాలా నికార్సయిన మనిషి. వచ్చిన సరుకు ఏమిటన్నది ఆయన శాఖ కాదు. అది నియమాలకు సరిపోతుందా అన్నదే ఆయన శాఖ. పట్టీకి చిరుగులు ఉండకూడదు, ఉతికితే కుంచించుకుపోకూడదు, ఖాకీ రంగులో ఉండాలి. కాబట్టి అవ్వలందరికీ తలకు పోసి, ఎండలో కూర్చోబెట్టి, మళ్ళీ కొలిచారు. ఎవరూ కుంచించుకుపోలేదు. మూకాయి మాత్రం అర అంగుళం పెరిగింది (ఎండకు నడుము సాగి ఉంటుందని పక్కన వివరణ రాశారు). తరవాత ఖాకీ చీరలు కట్టించి జతలు కూర్చారు. మూకాయి ఎడమ కాలికి, సంత ముందర వేరుసెనగలు అమ్ముకునే రక్కమ్మాళ్ కుడి కాలికి. వీళ్ళిద్దరూ ఈశ్వరన్ అనే సిపాయి వంతుకు వచ్చారు. కవాతులో ‘ఎడమ’ అని కేక పడితే మూకాయి అడుగు వేయాలి. సిపాయి వేయడం అప్రధానం.

మర్నాడు ఆరాయి బిడ్డను చంకన వేసుకుని, పాత కంబళి చింపి చుట్టిన చుట్ట ఒకటి చేతపట్టుకుని సంజీవి బల్ల ముందు నిలబడింది.

“అన్నా, మా అవ్వను ఎత్తుకోని పోయినారు. ఈ బిడ్డను చూసేదానికి ఎవురూ లేరు. మిల్లులో పేరు కొట్టేస్తారు.”

“ఎత్తుకోని పోలేదమ్మా, సేకరణ చేసినారు. ఆ రెంటికీ భేదం ఉండాది.”

“మీరు అడిగింది కాలికి చుట్టే గుడ్డంట గదా. మిల్లులో అందరూ నగుతుండారు. ఇదో, తెచ్చిండాను. దీన్ని పెట్టుకోని అవ్వను ఇచ్చేయండి.”

సంజీవి చుట్ట విప్పి, వెలుగులో పట్టుకుని, చాలాసేపు చూశాడు.

“ఇది గుడ్డ.”

“ఆమాంగ, గుడ్డే.”

“మాట్లాడదు గదమ్మా. ఇంతవరకు చేరిన సరుకంతా మాట్లాడుతుండాది. ఇది ఒకటీ ఊరకుంటే నమూనాకి తేడా వస్తుంది.”

ఆరాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. శనివారం పటాలం పోదనూరులో రైలెక్కి బర్మా సరిహద్దుకు పోతుందనీ, పట్టీలు సిపాయి కాళ్ళను విడిచి ఉండరాదనీ సంజీవి చెప్పగా అప్పుడే తెలిసింది. సంజీవి చెడ్డవాడు కాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఒకటే దారి. పనికిరాని సరుకును సైన్యం పెట్టుకోదు. శిబిరంలో దానికని అధికార్ల బోర్డు ఉండాది. సొంతమనిషి పోయి, ఇది దేనికీ పనికిరాదని ఒప్పించాల.”

బోర్డు ఒక గుడారంలో కూర్చుని ఉంది. గుడారం పక్కనే మూకాయి కూర్చుని, ఈశ్వరన్ బోడి కాళ్ళకు కొబ్బరినూనె రాస్తోంది. కాళ్ళ నిండా దోమకాట్లు.

“గోకద్దురా అంటే వినవు గదా నాయనా! అక్కడ జలగలంట. ఈ కాళ్ళు చూస్తే విందుకు పిలిచినట్టే.”

“నువ్వుండావు గదవ్వా” అన్నాడు సిపాయి. (నియమాల ప్రకారం అతను చెప్పింది సరైనదే.)

బోర్డు అధికారి ఆరాయిని నిలబెట్టి అడిగాడు.

“ఈ పట్టీ వల్ల ఏమైనా ఉపయోగం ఉందా?”

కోడి కూయకముందే లేచి, పొయ్యి రాజేసి, రాగిసంకటి కెలికి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసే మనిషి వైపు ఆరాయి చూసింది.

“లేదు సామీ.”

“వంట?”

“నోట పెట్టుకోలేము.”

“చెవులు?”

“బండచెవుడు సామీ.”

“బిడ్డల్ని చూస్తుందా?”

“చూడదు. ఆమెను చూస్తే నా బిడ్డకు భయం.”

చంకలో బిడ్డ రెండు చేతులూ అవ్వ వైపు చాచి వెక్కివెక్కి ఏడ్చింది. బిడ్డ భయపడుతున్నట్టు బోర్డు నమోదు చేసుకుంది. మూకాయి తన మనవరాలు ఆరాయి ముఖంలోకి చూసింది. తరవాత చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టిగా అరిచింది.

“ఏమంటుండారు? నాకేమీ వినపడలేదే!”

ఆ అరుపుతో బోర్డుకు నమ్మకం కుదిరింది. మూకాయి ముంజేతి మీద ‘పనికిరాదు’ అని ముద్ర వేశారు. అది చెరిగిపోని సిరా. (ప్రభుత్వం ఈ మాటను తరచుగా వాడవలసి వస్తుంది కాబట్టి మంచి సిరానే కొంటుంది.) అవ్వ బిడ్డను అందుకుంది. బిడ్డ ఏడుపు ఆపింది. అప్పటికి బోర్డు తరవాతి కాగితం చూస్తోంది.

వాళ్ళు గుడారం దాటబోతుండగా రక్కమ్మాళ్ ఆరాయి కొంగు పట్టుకుంది.

“తల్లీ, ఆ నోటితోనే నన్ను గూడా పనికిరాదని ఒక మాట చెప్పి పో.”

ఆరాయి వెనక్కి వచ్చింది.

“సామీ, ఈయవ్వ గూడా దేనికీ కొరగాదు. పనికిరాదు.”

“నీకు ఏమవుతుంది?”

“ఏమీ కాదు సామీ.”

“మరి నీకెలా తెలుసు?”

పనికిరాదని చెప్పే అర్హత సొంతవాళ్ళకే ఉంటుందని అధికారి మర్యాదగా వివరించాడు.

శనివారం ఆరాయి కండెలు మారుస్తున్న వేళకు పోదనూరులో రైలు కదిలింది. ఈశ్వరన్ బోడి కాళ్ళతో ఎక్కాడు, కుడి కాలి రక్కమ్మాళ్ అతని వెనకే ఎక్కింది. ఎడమ కాలు ఇంకా సిద్ధం కాలేదనీ, కుడి కాలు పూర్తిగా సిద్ధమనీ పై అధికారులకు తంతి వెళ్ళింది. రక్కమ్మాళ్ పనికిరాదని చెప్పడానికి ఆమెకు లోకంలో ఎవరూ లేరు. అందుచేత ఆమె దేశానికి పనికివచ్చింది.