పుట్టుమచ్చ చెంప మారింది

ఆ రోజు కండక్టర్‌కు సెలవు. పొద్దున్నే గడ్డం గీయించుకుని, అటునుంచి అటే బజారుకెళ్ళి, జేబుకు అందే టీవీ ఒకటి చూసుకుని, మధ్యాహ్నం సీరియల్ వేళకు ఇల్లు చేరాలన్నది అతని ఆలోచన. పాత టీవీ కన్నుమూసినప్పటినుంచి మేనత్త ముద్ద సరిగ్గా ముట్టడం లేదు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే.

"ఇవాళ టీవీ రాకపోతే మీ బాబాయి ఇంటికి పోతాన్రా. మళ్ళీ రాను," అని తేల్చేసింది. అన్నంత పనీ చేసే మనిషి. ఆవిడ లేని ఇల్లు అతనికి ఊహకు కూడా అందదు.

సెలూన్ కుర్చీలో, మొహమంతా నురగతో, అతను అద్దంలోకి చూస్తున్నాడు. వెనక అరమీద డబ్బా టీవీలో వార్తలు వస్తున్నాయి. బొమ్మ కడిగినట్టుంది. కింద పరిగెత్తే అక్షరాలు అద్దంలోనే చదువుకోవచ్చు.

"అది అమ్ముతావా?" గొంతు మీద కత్తి ఉండగానే అడిగేశాడు.

"కదలకండి సార్. పల్చటిది తెచ్చుకుంటున్నా, దీన్ని ఇచ్చేద్దామనే చూస్తున్నా. మీరైతే ఇంకాస్త తగ్గిస్తా."

బజారుకు వెళ్ళే పనే తప్పింది. సెలూనతను టీవీ ఆపి, దుప్పట్లో చుట్టి, ఆటో ఎక్కించాడు.

ఇంట్లో ఎండ పడకుండా కిటికీలు మూసి, టీవీ పెట్టారు. మేనత్త కుర్చీ దగ్గరికి లాక్కుంది. సీరియల్ మొదలైంది. కాసేపటికి ఆవిడ మొహంలో రంగు మారింది.

"ఒరేయ్, ఇది ఆ పిల్ల కాదురా."

"ఏ పిల్ల అత్తా?"

"కథలో పిల్ల. దాని పుట్టుమచ్చ కుడిచెంప మీద కదా ఉండాలి? దీనికి ఎడమచెంప మీదుంది. ఎవరో ఆ పిల్ల వేషం వేసుకుని వచ్చారు."

కండక్టర్ నవ్వబోయి ఆగిపోయాడు. తెరమీది మనుషులందరూ ఎడమచేత్తో తింటున్నారు. వెనక గోడమీది గడియారంలో ముల్లు నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, వెనక్కి నడుస్తోంది.

వంటింట్లోంచి వచ్చిన భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏవండీ, ఆ అక్షరాలేంటండీ? ఒక్కటీ చదవడానికి రావట్లేదు!"

"మనకి రావు అమ్మాయ్," అంది మేనత్త గొంతు తగ్గించి. "అటువైపు నుంచి చూస్తే సరిగ్గానే ఉంటాయి. అవి మనకోసం రాసినవి కావు. లోపల కూర్చుని చూసేవాళ్ళ కోసం. చూస్తున్నది మనం కాదే. వాళ్ళు మనల్ని చూస్తున్నారు."

తెరమీది పిల్ల సరిగ్గా అప్పుడే వాళ్ళవైపు తిరిగి చూసింది.

కండక్టర్ ఒక్క అంగలో వెళ్ళి టీవీ ఆపేశాడు. తెర నల్లబడింది. ఆ నలుపులో ముగ్గురు మనుషులు, ఒక కుర్చీ, తెరిచిన తలుపు మసకమసగ్గా కనిపించాయి.

"చూశావా? మనల్ని కూడా లోపలికి లాక్కుంది!" అంటూ మేనత్త లేచి చీరలు మడత పెట్టడం మొదలెట్టింది.

కాళ్ళావేళ్ళా పడి ఆపాడు. టీవీ తిరిగిచ్చేద్దామన్నాడు. "నువ్వొక్కడివే వెళ్తే ఇంకో దయ్యాన్ని అంటగడతాడు," అని ఆవిడా ఆటో ఎక్కింది.

సెలూనతను టీవీని మళ్ళీ అరమీద పెట్టి, ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, మీట నొక్కాడు. అద్దంలో సీరియల్ వచ్చింది. పుట్టుమచ్చ కుడిచెంప మీదికి చేరింది. గడియారం ముందుకు నడుస్తోంది. అందరూ కుడిచేత్తో తింటున్నారు.

"బంగారం లాంటి సెట్టు. దీనికేమైందమ్మా?" అన్నాడు సెలూనతను.

మేనత్త పైట బిగించి పట్టుకుంది. "అయితే దయ్యం టీవీలో లేదురా. మన ఇంట్లోనే ఉంది."

కండక్టర్ అద్దెకు ఇంకో ఇల్లు ఎక్కడ వెతకాలి అనుకుంటూ లేచి వెనక్కి తిరిగాడు. టీవీలో అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అద్దం వైపు తిరిగాడు. సరిగ్గా ఉన్నాయి. మళ్ళీ వెనక్కి తిరిగాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"అటెందుకు చూస్తారు సార్?" అన్నాడు సెలూనతను విసుగ్గా. "అది అటు తిరిగి చూడ్డానికి కాదు. కుర్చీలో వాళ్ళకి అద్దంలో సరిగ్గా కనపడాలని మెకానిక్ చేత లోపల తీగలు అటూ ఇటూ మార్పించా. నేనూ ఇన్నేళ్ళుగా అద్దంలోనే చూస్తున్నా. అలవాటైపోయి చెప్పడం మర్చిపోయా."

మెకానిక్ ఊళ్ళో లేడు. అతను వచ్చేదాకా సర్దుకొమ్మని సెలూనతను ఒక పాత అద్దం ఊరికే ఇచ్చాడు. టీవీతో పాటు ఇంటికి తెచ్చి, దాన్ని గోడకు ఆనించి, టీవీకి వీపు పెట్టి మేనత్త కూర్చుంది. ఆ పూట అన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. బాబాయి ఇంటి ఊసే ఎత్తలేదు.

నాలుగైదు రోజులకు మెకానిక్ తన సామాన్ల సంచీతో వచ్చాడు. మేనత్త అతన్ని గడప దాటనివ్వలేదు.

"ఏం అక్కర్లేదు నాయనా, వెళ్ళిరా. ఈ అద్దంలో టీవీతో పాటు వంటిల్లంతా కనపడుతోంది. ఇన్నాళ్ళూ ఒక్క సీరియలే చూశాను, ఇప్పుడు రెండు చూస్తున్నాను."

ఆ రెండోదాంట్లో దుష్టపాత్ర ఎవరిదో కోడలికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.