పర్చూరులో పొంగిన మా ఇంటి పాలు

చుట్టాల ఇళ్ళకు వెళ్ళే పీడ నుంచి మనిషిని విడిపించిన మహానుభావుడు ఎవరు? సెల్‌ఫోను. ముప్పై ఏళ్ళు పత్తి మిల్లులో గుమాస్తాగా చేసినవాణ్ణి, ఈ మాట చిలకలూరిపేట నడిబొడ్డున నిలబడి మిల్లు సైరన్ కంటే గట్టిగా చెప్పగలను.

నమ్మకం కుదరకపోతే పాత రోజులు గుర్తు చేసుకోండి. నా చిన్నప్పుడు టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఇంటిల్లిపాదీ ఏడుపు లంకించుకునేవారు. ఒకసారి మా నాయనమ్మ గంటసేపు శోకాలు పెట్టాక, బడిపంతులుగారు వచ్చి చదివితే మా బాబాయికి ఉద్యోగం వచ్చిందని ఉంది. ఆవిడేం నొచ్చుకోలేదు. "ఎక్కడో దూరాభారపు ఊరికి వేసుంటార్లే" అని మిగిలిన ఏడుపు కూడా పూర్తి చేసింది.

తర్వాత ట్రంకాల్. పోస్టాఫీసులో పొద్దున బుక్ చేసి, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని, చివరికి "హలో, వినపడుతోందా" అని మూడు నిమిషాలు అరిచి ఇంటికొచ్చేవాళ్ళం. ఆ తర్వాత ఎస్టీడీ బూత్, ఆపైన మిస్డ్ కాల్. ఒక రింగిస్తే బస్సెక్కినట్టు, రెండిస్తే దిగినట్టు, మూడిస్తే చేలో మోటారుకు కరెంటు వచ్చినట్టు. ఇప్పుడు వాట్సాప్. ఇదంతా ఒక్క జన్మలోనే చూశాను.

వీటన్నిటినీ తట్టుకుని నిలబడ్డ మొండి ఆచారం మాత్రం ఒకటుంది. శుభకార్యానికి ఇంటికి వెళ్ళి, బొట్టు పెట్టి పిలవడం. మా అమ్మ కుంకుమ భరిణె, మా నాన్న చేతిసంచీ పట్టుకుని బయల్దేరితే ఏడూళ్ళు తిరిగి రావడానికి పదిరోజులు పట్టేది. ప్రతి ఇంట్లోనూ తినాలి, పడుకోవాలి, వాళ్ళ గేదె ఈనిందో లేదో కనుక్కోవాలి. ఎంత కాలహరణం!

మరి నేను? మొన్న మాఘమాసంలో మా కొత్తింటి గృహప్రవేశానికి మూడు వందల నలభై ఇళ్ళను కాఫీ చల్లారేలోగా వాట్సాప్‌లో పిలిచేశాను.

"వాళ్ళను సరే, మీ అక్కగారిని కూడా ఇట్లాగే పిలుస్తారా?" అంది మా ఆవిడ జ్యోతిర్మయి.

న్యాయమైన ప్రశ్నే. కొత్తింట్లో పాలు పొంగించవలసింది ఆడపడుచు. మా అక్క సుబ్బరావమ్మ ఉండేది పర్చూరులో, బస్సెక్కితే గంట ప్రయాణం. గంట అంటే మాటలా? వీడియో కాల్ చేశాం. తెరమీద అక్క మొహం కనపడగానే, మా ఆవిడ నేను చెప్పిన ప్రకారం ఉంగరపు వేలితో కుంకుమ తీసి, సరిగ్గా ఆమె నుదురున్న చోట ఫోనుకు అద్దింది.

అక్క తన నుదురు తడుముకుంది. తర్వాత "అందిందమ్మా" అంది.

సైన్సు ఎంత ముందుకు పోయిందో చూశారా? బొట్టు ఇక్కడ, నుదురు అక్కడ.

గృహప్రవేశం రోజు ఏడుంబావుకి ముహూర్తం. కొత్త గిన్నెకు పసుపు రాసి, పాలు పోసి, వాకిలి వైపు చూస్తున్నాం. ఏడు దాటాక ఫోను మోగింది. వీడియో కాల్. అక్క పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, పర్చూరులో వాళ్ళింటి పొయ్యి ముందు కూర్చునుంది. పొయ్యి మీద పసుపు రాసిన గిన్నె, గిన్నెలో పాలు.

"ఒరేయ్ నాగేంద్రా, బొట్టు వచ్చిన దారినే పాలు పంపిస్తున్నా. అందర్నీ చూడమను."

ముహూర్తం దాటిపోతోంది, ఏం చేస్తాం? పంతులుగారు కళ్ళజోడు సవరించుకుని ఫోను వైపు తిరిగి మంత్రం అందుకున్నారు. బంధుమిత్రులంతా అక్షింతలు పట్టుకుని ఆ జానెడు తెర చుట్టూ మూగారు. పాలు కాగాయి. నురుగు లేచింది. అంచుదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

నెట్‌వర్క్ పోయింది.

తెరమీద చిన్న చక్రం తిరుగుతోంది. "పొంగినట్టే లెక్క" అన్నారు పంతులుగారు. "లేదండీ, ఆగిపోయినాయి" అంది పక్కింటి ఖాజాబీ, అబద్ధం చేతకాని మనిషి.

ఇందులోనూ లాభమే చూడమని మా ఆవిడకు చెప్పాను. కొత్త గ్రానైటు మీద పాలచుక్క పడలేదు, తుడిచే పని లేదు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. పక్క గదిలోంచి మెసేజ్ పెట్టింది: "వదినగారు వచ్చి పాలు పొంగించేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలిగించను."

తొమ్మిది రోజులు హోటలు ఇడ్లీ తిన్నాను. పదో రోజు ఇద్దరం భరిణె పట్టుకుని పర్చూరు బస్సెక్కాం.

అక్క ఇంటి ముందు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. సందు తిరగ్గానే మాకు తుమ్ములు. అక్క గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ బయటికొచ్చింది. మోకాళ్ళు పోయి రెండేళ్ళయిందట. రోజూ చూస్తూనే ఉన్నాను గదా, నాకెందుకు తెలియలేదు? ఫోనులో మొహం వరకే కనపడుతుంది. సిగ్గేసింది.

"ఆ రోజు పాలు పొంగాయా అక్కా?" అన్నాను.

"మా ఇంట్లో పొంగినయ్ రా. మీ ఇంటి సంగతి నాకేం తెలుసు? పిలిచుంటే పాక్కుంటూ అయినా వచ్చేదాన్ని."

మా ఆవిడ భరిణె మూత తీసింది. అక్క నుదురు ముందుకు వంచింది. బొట్టు పెట్టడం అయ్యాక, "ఆటో మాట్లాడరా, పాలు దార్లో కొందాం" అంది.

కాబట్టి పాఠకులారా, సెల్‌ఫోను మీద నా భక్తి చెక్కుచెదరలేదు. పర్చూరు బస్సు వేళలు అందులోనే చూశాను. గంట దూరంలో ఉన్న అక్క గడప నాలుగేళ్ళు తొక్కకుండా, రోజూ చూస్తున్నానని నన్ను నేను నమ్మించుకోవడానికి అది చేసిన సాయం ఇంకెవరు చేయగలరు?

ఆ సాయంత్రం కొత్త గ్రానైటు మీద పాలు పొంగి నేలదాకా కారాయి. తుడిచింది నేనే. తుడుస్తూ ఏడ్చానని మా ఆవిడ ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. వాట్సాప్‌లో వచ్చినవన్నీ నమ్మకండి.