కళ్లు మూసుకుంటే కనబడే లాభాలు

నేను వ్యాపారంలోకి దిగిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవి: ఒక రోలర్ కోస్టర్, దానికి ఇరవై నాలుగు సీట్లు, పదకొండు మలుపులు, ఒక బావమరిది. అన్నీ మా మావగారు ఇచ్చినవే. మొదటి మూడూ గ్రీజు పెడితే నోరు మూసుకుంటాయి. నాలుగోది గ్రీజు పెట్టే మనిషే కాబట్టి ఆ సౌకర్యం లేదు.

ఈ నాలుగింటితో ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చినవాణ్ణి. అనుభవం మీద చెబుతున్నాను: రోలర్ కోస్టర్‌ను కళ్లు తెరుచుకుని ఎక్కడమంత దండగ పని మరొకటి లేదు!

కోప్పడకండి. నిదానంగా ఆలోచించండి. మీరు టిక్కెట్టు కొన్నారు. గొలుసు మిమ్మల్ని టకటకమంటూ పైకి లాగింది. శిఖరం మీద ఏం కనిపించింది? ఊరు. బస్టాండు, బడి పైకప్పు, నది, ఎవరి డాబా మీదో ఆరేసిన దుప్పట్లు. ఆ తర్వాత కిందికి పడ్డారు, అరిచారు, దిగారు. గేటు దాటాక ఏం కనిపించింది? మళ్లీ అదే ఊరు! ఉన్న సరుకునే పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చూపించి టిక్కెట్టు పుచ్చుకోవడం మోసం కాదా?

ఈ పాపభీతితో నేను నలిగిపోతున్న రోజుల్లో హెడ్‌సెట్ల ఏజెంటు వచ్చాడు. అచ్చం గుర్రానికి కట్టే గంతల్లాంటిది ఒకటి నా కళ్లకు తగిలించాడు. మరుక్షణం నేను ఒక రాకాసి బల్లి వీపు మీద అగ్నిపర్వతాల మధ్య ఎగురుతున్నాను. కాళ్లు ఝాడించాను. కౌంటరు మీది టీ గ్లాసు ఎగిరి మా ఆవిడ ఒళ్లో పడింది. ఇంత బలమైన సరుకు నా జన్మలో చూడలేదు!

“సార్, మీ దగ్గర రైడ్ ఒక్కటే,” అన్నాడు ఏజెంటు. “ఇవి పెడితే పన్నెండు. సముద్రం, అంతరిక్షం, దెయ్యాల కోట, ఏది కావాలంటే అది.”

“పట్టాలు మాత్రం ఒకటేగా?” అన్నాడు మా బావమరిది, రెంచీ తుడుచుకుంటూ.

“పట్టాల్ని ఎవరు చూస్తారు సార్?” అన్నాడు ఏజెంటు.

నా బుర్రలో దీపం వెలిగింది. నిజమే! ఎవరు చూస్తారు? ఇరవై నాలుగు హెడ్‌సెట్లకు ఆర్డరు ఇచ్చేశాను.

అప్పటినుంచి ఇక చూడండి లాభాలే లాభాలు. ఏటా వానలకు ముందు కోస్టర్‌కు రంగు వేయించేవాణ్ణి. ఎర్ర రంగు, పసుపు అంచులు, పైన జెండాలు. ఎవరి కోసం? గంతలు కట్టుకున్నవాడి కోసమా? ఆ పని ఆపేశాను.

“రంగు అందానికి కాదు బావా, తుప్పుకి,” అన్నాడు బావమరిది.

“తుప్పు కూడా కనబడదు కదోయ్!” అన్నాను. వాడు రంగు డబ్బా మూత బిగించి వెళ్లిపోయాడు. వాదనలో నేను గెలిచిన అతి కొద్ది సందర్భాల్లో ఇది ఒకటి.

క్యూ సంగతి చెప్పాలి. పూర్వం రైడ్ రెండు నిమిషాలు, ఎక్కించడం రెండు నిమిషాలు. జనం ఇలా వచ్చి అలా వెళ్లిపోయేవారు, కుళాయి నీళ్లలాగా. ఇప్పుడో? ప్రతి బుర్రకూ పట్టీ సరిచేయాలి. పెద్ద తల, చిన్న తల, కొప్పు ఉన్న తల, కళ్లద్దాలున్న తల. కళ్లద్దాల మీద పెడితే గుచ్చుకుంటుంది, తీసేసి పెడితే అంతరిక్షం మసకగా ఉంటుంది. దిగినవాడి చెమట తుడిచి ఎక్కేవాడికి తొడగాలి. ఇరవై నాలుగు తలలు ముగిసేసరికి పాతిక నిమిషాలు! క్యూ గేటు దాటింది, రోడ్డు దాటింది, పళ్లు పీకే డాక్టరు గారి మెట్ల దాకా వెళ్లింది. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు కొందరు పొరపాటున మా కోస్టర్ ఎక్కేశారు. దిగాక పంటినొప్పి గుర్తు రాలేదట! వ్యాపారికి క్యూను మించిన సైన్‌బోర్డు ఉందా చెప్పండి?

సంసారాలకు జరిగిన మేలు వేరే చెప్పాలి. పూర్వం భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని, పైనుంచి పడేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేవారు. గోళ్లు దిగేవి. దిగాక “నువ్వే ఎక్కుదామన్నావు” అని గొడవ. ఇప్పుడు ఆవిడ సముద్రం అడుగున తిమింగలాలతో ఉంటుంది, ఈయన చంద్రుడి మీద తుపాకీ పేలుస్తుంటాడు. గొడవకి ఇద్దరూ ఒక చోట ఉండాలిగా! ఒక పెద్దమనిషి నా చేతులు పట్టుకుని, “రెండు నిమిషాలే ఎందుకండీ, నెలవారీ పాసు లేదా?” అని అడిగాడు.

ఇక వాంతులు. బొమ్మ అర సెకను వెనకబడుతుందని, అందువల్ల ఒళ్లు ఎడమకు తిరిగితే కళ్లు ఇంకా కుడికే వెళ్తుంటాయని, పాపం కడుపు ఎవరి మాట నమ్మాలో తెలియక తిరగబడుతుందని కొందరు మేధావులు అంటున్నారు. అనుకోనివ్వండి. నేను గేటు పక్కన నిమ్మసోడా కొట్టు పెట్టాను.

ఇలా మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతుండగా ఒక ఆదివారం మధ్యాహ్నం గొలుసు పట్టేసింది. సరిగ్గా శిఖరానికి రెండు బారల కింద. ఇరవై నాలుగు మంది ఆకాశంలో వేలాడుతున్నారు. వాళ్లలో మా ఆవిడ ఒకరు. హెడ్‌సెట్లు వచ్చిన తర్వాత ఆవిడ ఎక్కడం అదే మొదటిసారి, అదీ నా పోరు పడలేక.

బావమరిది రెంచీ పట్టుకుని పక్క మెట్లెక్కి పరుగెత్తాడు. నేను మైకు చేతిలోకి తీసుకుని, క్షమాపణలు రెండు రకాలుగా నెమరు వేసుకున్నాను: ఒకటి మర్యాదస్తులకు, రెండోది కోర్టుకెక్కేవాళ్లకు. ఐదు నిమిషాలయింది. ఎవరూ అరవలేదు. పది నిమిషాలు. అయినా ఎవరూ అరవలేదు! తల ఎత్తి చూస్తే అందరూ హాయిగా మెడలు తిప్పుకుంటూ, గాల్లో ఏదో పట్టుకుంటూ కూర్చున్నారు. బొమ్మ అయిపోగానే మళ్లీ మొదటినుంచి వస్తోంది. కోస్టర్ ఆగిందని ఒక్కరికీ తెలియదు!

ఒక్కరికీ తెలియదని ఎందుకన్నాను, ఇద్దరికి తెలుసు. మా ఆవిడ హెడ్‌సెట్టు తీసి ఒళ్లో పెట్టుకుంది. తమ్ముడు పక్కనే గొలుసు కింద దూరి పనిచేస్తున్నాడు. గాలి ఇటే వీస్తోంది కాబట్టి వాళ్ల మాటలు నా దాకా వచ్చాయి.

“మన డాబా మీద బట్టలు ఏవిరా?”

“ఇందాక పక్కింటావిడ తీసిందక్కా. అదుగో, ఏటి అవతల మబ్బు పట్టింది చూడు.”

“చిన్నప్పుడు ఇక్కడి నుంచి వాన రావడం చూసేవాళ్లం. నువ్వు నాన్న భుజం మీద ఉండేవాడివి.”

“నువ్వేమో ‘వచ్చేసింది, వచ్చేసింది’ అని ఊరంతా వినబడేలా అరిచేదానివి.”

నలభై నిమిషాలు అలా కబుర్లు చెప్పుకున్నారు. కోస్టర్ కదిలింది. దిగినవాళ్లు నా మీద పడతారని బల్ల వెనక్కి జరిగాను. ముందుగా వచ్చిన లెక్కల మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

“ఆ అంతరిక్షంలో కదలకుండా తేలే భాగం ఉంది చూశారూ, అద్భుతం! దాన్ని ఇంకొంచెం పెంచండి.”

పాఠకులారా, వ్యాపారికి జీవితంలో ఇలాంటి ఘడియ ఒక్కసారే వస్తుంది. ఆగినా తెలియనప్పుడు, అసలు కదలడం ఎందుకు? కరెంటు ఎందుకు? గొలుసు ఎందుకు? మర్నాడే కోస్టర్‌ను కిందే నిలబెట్టి, సీట్లు కాస్త ఊపితే చాలని నిర్ణయించాను. ఆ పని బావమరిదికి అప్పగించాను.

వాడు రెంచీ కింద పెట్టాడు. “బావా, ఇది ఊగకుండా ఉండాలనే ఇరవై ఏళ్లు రెంచీ పట్టాను. ఇప్పుడు నన్నే ఊపమంటావా?”

అయినా ఊపాడు. ఇంటి పరువు. వారం రోజులు ఊపాడు. ఒక్కరూ పసిగట్టలేదు! పైగా “ఇదివరకటి కంటే వేగం పెంచారు” అని ఇద్దరు మెచ్చుకున్నారు.

ఇక ఆ ఇనుమంతా అక్కడ నిలబడి చేసేదేమిటి? కాకులకు తప్ప ఎవరికీ పనికి రావడం లేదు. పాత ఇనుము వ్యాపారికి కబురు పెట్టాను. ఆ రోజు భోజనాల దగ్గర మా ఆవిడ నా కంచంలో కూర వేయకుండా గిన్నె పట్టుకుని నిలబడింది.

“అది నాన్న కట్టింది. మీకు ఇచ్చింది నడపమని. అమ్మమని కాదు.”

“నడుస్తున్నట్టు అందరూ అనుకుంటున్నారుగా!” అన్నాను.

బావమరిది తల ఎత్తలేదు. “అమ్మితే అమ్ము బావా. కానీ గ్యాస్ కట్టర్ పెట్టించకు. నట్లు నేను విప్పుతాను.”

విప్పాడు. మూడు వారాలు పట్టింది. గట్టిగా అరగంట కోస్తే అయిపోయే స్తంభానికి రెండు రోజులు. తుప్పు పట్టిన ప్రతి నట్టుకూ నూనె పోసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే తిప్పాడు. తీసిన వాటిని డబ్బాల్లో వేసి, ఏ మలుపుదో చీటీ అంటించాడు.

“ఎందుకోయ్ ఈ చీటీలు? కరిగించడానికేగా!”

“కరిగించేవాడికైనా తెలియాలి కదా బావా, ఏది ఎక్కడ పనిచేసిందో.”

ఖాళీ అయిన జాగాలో రేకుల హాలు వేశాను. ఇరవై నాలుగు కుర్చీలు. వాన లేదు, ఎండ లేదు, ఎత్తు లేదు, భయం లేదు. ఏజెంటు ప్రతి నెలా కొత్త బొమ్మ తెచ్చేవాడు. ఒక నెల గొప్ప సంబరంగా వచ్చాడు.

“సార్, ఇది విపరీతంగా ఆడుతోంది. పాతకాలపు ఇనుప రోలర్ కోస్టర్! శిఖరం మీద ఆగి ఊరంతా చూడొచ్చు.”

నిజంగానే ఆడింది. తిమింగలాలను అడిగేవాడు లేడు, చంద్రుడి ముఖం చూసేవాడు లేడు. అందరికీ అదే కావాలి. ఎవరి ఊరో తెలియని ఊరిని పైనుంచి చూసి, “ఆహా, అదుగో బస్టాండు!” అని కుర్చీల్లోంచి లేచిపోయేవారు.

ఒకరోజు మా బావమరిది వచ్చాడు. ఊరికే ఎక్కమంటే వినకుండా క్యూలో నిలబడి, టిక్కెట్టు కొని, మూడో కుర్చీలో కూర్చున్నాడు. మలుపు మలుపుకూ తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. అయిపోయాక హెడ్‌సెట్టు జాగ్రత్తగా తుడిచి నా చేతికిచ్చాడు.

“ఎలా ఉందోయ్?”

“బాగుంది బావా. పదకొండు మలుపులూ తిరిగింది, ఎక్కడా కిర్రుమనలేదు. ఎవరో చాలా బాగా చూసుకుంటున్నట్టున్నారు.”

వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి హాలు వైపు రాలేదు. ఇంట్లో వరండాలో కూర్చుని తలుపుల బందులు బిగిస్తున్నాడు. బిగించడానికి మా ఇంట్లో ఇక తలుపులు కూడా మిగల్లేదు. వాడితో మాట్లాడితే మాట్లాడతాడు, కానీ నాతో వాదించడం మానేశాడు. ఇరవై ఏళ్లుగా నేను కోరుకున్నది ఇదేనని మీకు మనవి.

మొన్న ఒక గడసరి అమ్మాయి హెడ్‌సెట్టు తీసేస్తూ అడిగింది: “అంకుల్, మా ఇంట్లో ఈ హెడ్‌సెట్టు ఉంది. కుర్చీ కూడా ఉంది. మరి మీ దగ్గరికి ఎందుకు రావాలి?” నేను నిమ్మసోడా ఇచ్చి పంపించాను. మర్నాటి నుంచి ఆ అమ్మాయి రాలేదు. ఆమె స్నేహితులూ రాలేదు. పళ్ల డాక్టరు గారి మెట్లు ఇప్పుడు ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి.

కనుక మొత్తం తేల్చి చెబుతున్నాను. ఈ విప్లవం వల్ల నాకు మిగిలినవి: కుర్చీలు ఇరవై నాలుగు, హెడ్‌సెట్లు ఇరవై నాలుగు, రేకుల హాలు ఒకటి, ఇంట్లో పరిపూర్ణమైన నిశ్శబ్దం. అన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. హెడ్‌సెట్లు మనిషికి వరమన్న నా మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను, అనుమానం అక్కర్లేదు!

మీలో ఎవరి దగ్గరైనా అక్కర్లేని పాత రోలర్ కోస్టర్ ఉంటే దయచేసి తెలియజేయండి. పైన చెప్పినవన్నీ ఇచ్చి మార్చుకుంటాను, ఆ నిశ్శబ్దంతో సహా. తుప్పు పట్టినా ఫరవాలేదు. కిర్రుమంటే మరీ మంచిది. బాగుచేసే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు, ఖాళీగా ఉన్నాడు.