మగవాడు కొట్టాల్సిన గుమ్మడికాయ

తిరుపాలు ఉన్నట్టుండి హిందూపురం వెళ్ళి, తల్లి చెన్నమ్మను బెంగళూరు యలహంకలోని తన ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. చూసినవాళ్ళంతా ఎంత మాతృభక్తి అని మెచ్చుకున్నారు. నిజానికి అది భక్తి కాదు, గుమ్మడికాయ.

ఆ గుమ్మడికాయ సంగతి చెప్పాలంటే ముందు అతని భార్య వనజ పట్టుదల గురించి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఆమె పక్క వీధిలో పదిరోజుల కేకుల క్లాసుకు వెళ్ళింది. చివరి రోజున ఆ నేర్పే ఆవిడ క్యారెట్ కేకు చేసి చూపించింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. క్యారెట్‌తో కేకు అయినప్పుడు మిగతా కూరగాయలు ఏం పాపం చేశాయని వనజకు అనిపించింది. గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఒకటి కొనుక్కుని, ఒక్కొక్క కూరగాయనే తియ్యబరచడం మొదలుపెట్టింది.

బీట్‌రూట్ కేకు తిన్న మర్నాడు తిరుపాలు తనకేదో పెద్ద జబ్బు చేసిందని డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. సొరకాయ బర్ఫీ ముక్కలు కావడానికి ఒప్పుకోలేదు, గరిటెతో తోడుకోవలసి వచ్చింది. క్యాబేజీ పాయసం కాచిన రోజున కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు చిక్కమునియప్ప పైకొచ్చి, గ్యాసు ఎక్కడో లీకవుతోంది చూసుకోమన్నాడు.

వనజకు నగలక్కర్లేదు, చీరలక్కర్లేదు. తను చేసిన తీపి ఒక్కసారైనా చివరి ముక్కదాకా అయిపోయి, పళ్ళెం ఖాళీగా కనబడాలి. అదొక్కటే ఆమె కోరిక. ఇంట్లో అది జరిగే పని కాదని తేలాక, డబ్బాలో పెట్టి మొగుడి చేత ఫ్యాక్టరీకి పంపడం మొదలుపెట్టింది. సాయంత్రానికి డబ్బా తళతళలాడుతూ ఖాళీగా వచ్చేది.

"మీ సెక్షన్ వాళ్ళంతా తిన్న్యారా?"

"తిన్న్యారు."

"ఏమన్న్యారు?"

"ఏమీ అన్లేదు. తలెత్తకుండా నములుతానే ఉండారు."

నమిలిన మాట నిజమే. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒంటికొమ్ము ఆవొకటి తిరిగేది. డబ్బా మూత తీస్తే చాలు, తలెత్తకుండా నమిలేది. నమిలిందెవరో తిరుపాలు చెప్పలేదు, అంతే. అలా రెండేళ్ళలో పదకొండు డబ్బాలు వెళ్ళాయి. కాకరకాయ జామూన్ రోజున మాత్రం ఆవు ఒక్కటి నోట్లో వేసుకుని తిరుపాలు ముఖంలోకి అదోలా చూసింది.

ఇలా ఉండగా తిరుపాలుకు యాభయ్యో పుట్టినరోజు వచ్చింది.

అతను పుట్టింది నవంబరు ఒకటిన. కర్ణాటక రాష్ట్రం ఏర్పడిన రోజు, రాజ్యోత్సవం, ఫ్యాక్టరీకి సెలవు. ఇరవై రెండేళ్ళుగా స్టోర్సు సెక్షన్‌లో అందరి పుట్టినరోజులకూ కేకు కోస్తున్నారు. అందరికీ తిరుపాలు చప్పట్లు కొట్టాడు. తనది మాత్రం ప్రతి ఏడూ సెలవులో కొట్టుకుపోయేది. క్రీముతో తన పేరు రాసిన కేకును ఒక్కసారి తన చేత్తో కొయ్యాలని అతనికి చిన్నపిల్లాడిలా ఆశ. ఈసారి తొంభై ఎనిమిదిలో ఆ రోజు ఆదివారం పడింది. సెక్షన్ మొత్తాన్నీ ఇంటికి పిలిచేశాడు.

"బ్లాక్ ఫారెస్ట్ కేకు తెప్పిస్తా. పైన ఎర్ర చెర్రీలు ఉంటాయి," అన్నాడు భార్యతో.

"అంగడి కేకా?" వనజ నివ్వెరపోయింది. "మీ సెక్షన్ వాళ్ళు నా పదకొండు డబ్బాలూ ఊడ్చి తినిండారు. అట్లాంటోళ్ళని ఇంటికి పిల్చి అంగడి కేకు పెడతారా? గుమ్మడికాయ కేకు చేస్తాండా."

తిరుపాలు అబద్ధం తిరిగొచ్చి అతని మెడకే చుట్టుకుంది.

గుమ్మడికాయ కూడా అంగడిది కాదు. మిద్దె మీద పాత డ్రమ్ములో మట్టి పోసి వనజే పెంచింది. తీగంతా కలిసి కాసింది ఒక్కటే కాయ. దాని కింద గోనెపట్టా వేసి, ఎండకు పాత చీర కప్పి, చంటిబిడ్డలా ఏడు కిలోలు చేసింది. కాయ కోసి కిందికి తెచ్చిన రోజునే తిరుపాలుకు చిన్నప్పటి సంగతొకటి గుర్తొచ్చింది. మర్నాడే హిందూపురం బస్సెక్కాడు.

చెన్నమ్మ వచ్చి చేతి సంచి దించీ దించకముందే, వనజ కత్తి పట్టుకుని కాయ ముందు కూర్చోవడం చూసింది.

"ఏమి కోడలా, గుమ్మడికాయ మీద కత్తి పెడతాండావు? మొదటి దెబ్బ ఆడది వెయ్యకూడదు. ఇంటి మగోడే కొట్టల్ల. ఆ పైన నువ్వు ఎట్లన్నా తరుక్కో."

పేపరు వెనక తిరుపాలు కడుపారా నవ్వుకున్నాడు. ఇంట్లో మగవాడు తనొక్కడే. ఉన్న ఒక్క కూతురూ మైసూరు హాస్టల్లో ఉంది. తను కొట్టకపోతే కాయ కాయగానే ఉంటుంది. రియాజ్ అని సెక్షన్‌లో స్నేహితుడుంటే, అతనికి రహస్యంగా బ్లాక్ ఫారెస్ట్ తెమ్మని కూడా చెప్పేశాడు.

సోమవారం పొద్దున వనజ కాఫీ గ్లాసూ కత్తీ ఒకే పళ్ళెంలో పెట్టి తెచ్చింది.

"భుజం పట్టేసిండాది," అన్నాడు తిరుపాలు.

మంగళవారం మళ్ళీ కాఫీ, మళ్ళీ కత్తి.

"మంగళారం ఎవురన్నా కొడతారా?"

బుధవారం కత్తి మొండిగా ఉందన్నాడు. వనజ ఆ మధ్యాహ్నమే సాన పట్టించింది. గురువారం దాంతో వెంట్రుక కోసి చూపించింది.

"గురువారం గురువుగారి రోజు," అన్నాడు.

"మీకు గురువెవరు?"

"వెతుకుతాండా."

వనజ ఊరుకునే మనిషి కాదు. తిన్నగా కిందికి వెళ్ళి చిక్కమునియప్పను పిలుచుకొచ్చింది. ఆయన పంచె ఎగ్గట్టి కత్తి అందుకోబోయాడు. తిరుపాలు గబగబా తల్లి చెవిలో ఊదాడు.

"నువ్వు కొట్టగూడదప్పా," అంది చెన్నమ్మ. "ఇంటి మగోడే కొట్టల్ల."

"ఏమమ్మా, ఇల్లు నాదే గదా? ఇంటి మగోడంటే నేనే గదా?"

"ఇల్లు నీదే. సంసారం మాది."

చిక్కమునియప్ప పంచె దించుకుని వెళ్ళిపోయాడు. దగ్గర్లో కోసిన ముక్కలు అమ్ముతారని జాలి తలచి చెప్పాడు గానీ, తన కాయ ఇంట్లో పెట్టుకుని ఎవరి కాయో కొనుక్కురానని వనజ భీష్మించుకుంది.

శుక్రవారం రానే వచ్చింది.

"శుక్రారం లక్ష్మి..." అని తిరుపాలు మొదలుపెట్టాడు.

"వద్దులెండి," అంది వనజ చాలా నెమ్మదిగా. "ఆదివారం మీ సెక్షన్ వాళ్ళంతా వచ్చి కూర్చున్నాక, వాళ్ళ ముందే మీ చేతికి కత్తిస్తా. అప్పుడు ఏ వారమని చెబుతారో వింటా."

తిరుపాలు లెక్క వేసుకున్నాడు. సెక్షన్ వాళ్ళ ముందు గుమ్మడికాయ మాటొస్తే డబ్బాల మాటొస్తుంది. డబ్బాల మాటొస్తే ఆవు మాటొస్తుంది. కాబట్టి ఆదివారానికి ఇంట్లో గుమ్మడికాయే ఉండకూడదు.

శనివారం కార్తీక ఏకాదశి. అత్తా కోడళ్ళిద్దరూ గుడికి బయల్దేరారు. వాళ్ళు సందు మలుపు తిరగగానే తిరుపాలు కాయను రెండు చేతుల్లోకి ఎత్తుకున్నాడు. స్కూటరు మీద తీసుకెళ్ళి దూరంగా ఏదో ఒక సత్రంలో ఇచ్చేస్తే పుణ్యానికి పుణ్యం. ఇంట్లో దొంగ పడ్డాడని చెప్పొచ్చు. గుమ్మడికాయ తప్ప మరేదీ ముట్టని దొంగ ఎలాంటివాడన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు.

సగం మెట్లు దిగాడో లేదో, కింద గేటు కిర్రుమంది.

"హారతి కర్పూరం మర్చిపోతిమి," అంటోంది చెన్నమ్మ.

తిరుపాలు తల్లిని చూశాడు. భార్యను చూశాడు. మెట్టును మాత్రం చూడలేదు. కాయ చేతుల్లోంచి జారి, ఒక్కొక్క మెట్టూ దబ్ దబ్‌మని దిగుతూ వెళ్ళి, సరిగ్గా వనజ కాళ్ళ ముందు మూడు చెక్కలైంది.

వనజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెన్నమ్మ మాత్రం ఒంగి చెక్కల్ని పరీక్షగా చూసింది.

"ఎవురి చేతుల్లోంచి పడె?"

"నా చేతుల్లోంచేమ్మా. జారిపోయినాది..."

"నువ్వు మగోడివే గదా?"

"ఏమమ్మా ఆ మాట!"

"అయితే మగోని దెబ్బే పడినాది. ఏకాదశి పూట, మంచి దినం. కోడలా, ఏరుకో తల్లీ."

వనజ కళ్ళు తుడుచుకుంది. చెక్కలన్నీ కొంగులో ఏరుకుని, కడిగి, తురుము పీటతో సహా తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"నాకు భుజం..." అన్నాడు తిరుపాలు.

"ఏడు కిలోల కాయ మోసిన భుజానికి ఇదొక లెక్కా?"

ఆ సాయంత్రమంతా తిరుపాలు గుమ్మడికాయ తురిమాడు. వేళ్ళు పచ్చబడ్డాయి. ఓవెన్‌లోంచి యాలకుల వాసన, బెల్లం వాసన కలిసి వస్తుంటే, బాగుందని ఒప్పుకోవడం ఇష్టం లేక కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఆదివారం సెక్షన్ అంతా దిగింది. రియాజ్ బ్లాక్ ఫారెస్ట్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. వనజ ఒక చూపు చూసి, ఒక్క మాటా అనకుండా పక్కనే తన కేకు పళ్ళెం పెట్టింది. రియాజ్ తెచ్చిన డబ్బా మూత తీస్తే తెల్లటి క్రీము మీద తిరుపాలు పేరు. తన పేరు చెదరకుండా ఒక పక్క నుంచి కోశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇరవై రెండేళ్ళ చప్పట్లు ఒక్కసారిగా తిరిగొచ్చినట్టయి అతను పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

సెక్షన్ పెద్ద రామాంజినప్ప మర్యాదకని గుమ్మడికాయ కేకు ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు. రెండోది మర్యాద లేకుండా వేసుకున్నాడు. మూడోది చేతిలో పట్టుకుని గొంతెత్తాడు.

"ఏమప్పా తిరుపాలూ! ఇంట్లో ఇట్లాంటి చెయ్యి పెట్టుకుని, ఇన్నేండ్లలో ఒక్క దినమన్నా మాకు డబ్బాలో తెచ్చినావా? అంతా నువ్వే తింటాండావా?"

గదిలో అందరూ నవ్వారు. తిరుపాలు కేకు కోసిన కత్తిని కాగితంతో తుడవడం మొదలుపెట్టాడు. వనజ వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

"ఇంకొక ముక్క వేసుకోండి సార్," అంది వనజ, అంతే.

బ్లాక్ ఫారెస్ట్ ప్రతి నెలా తినేదే కదా అని అందరూ ఇటే చేతులు చాచారు. చూస్తుండగానే పళ్ళెం ఖాళీ అయింది. వనజ ఆ ఖాళీ పళ్ళాన్ని రెండు చేతులతో ఎత్తి కాసేపు అలా చూస్తూ నిలబడింది. అంత సంతోషం ఆమె ముఖంలో తిరుపాలు పెళ్ళినాడు కూడా చూడలేదు. తనకు ఒక్క ముక్కైనా దక్కలేదని అతనికి అప్పుడు తట్టింది.

అందరూ వెళ్ళిపోయాక వనజ కాఫీ తెచ్చిచ్చింది. ఈసారి పళ్ళెంలో కత్తి లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"వనజా, ఆ డబ్బాల సంగతి..."

"నాకు తెలుసులెండి. ఎప్పుడో తెలుసు."

"ఎట్ల?"

"కాకరకాయ జామూన్ చేసిన మర్నాడు పార్వతమ్మ వచ్చి, ఆవు మేత ముట్టలేదమ్మా, నిన్న మీ ఇంటాయన ఏమి పెట్టినారో కనుక్కో అనింది. ఆ ఒంటికొమ్ము ఆవు ఆమెదే."

"మన ఇంటికి పాలు పోసే పార్వతమ్మా?"

"ఆమే. మీరు తినేదాకా వదిలేది లేదనుకుంటి. అందుకే ఆ పైన కూడా డబ్బాలు పంపిస్తానే ఉంటి." వనజ కొంగుతో ముఖం తుడుచుకుంది. "బెంగళూరు వంకాయ హల్వా, ముల్లంగి కేకు, సొరకాయ బర్ఫీ, ఏదీ దండగ కాలేదు. ఆవు తినె. ఆ పాలే గదా మనింటికొచ్చేది. తాగండి, చల్లారిపోతాది."

తిరుపాలు గ్లాసులోకి చూశాడు. రెండేళ్ళుగా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. చేసేదేం లేక మిగతాది కూడా తాగేశాడు.

గ్లాసు కింద పెట్టి, గోడ మీది క్యాలెండరు చూస్తూ అడిగాడు.

"ఆ తీగకి ఇంకొక పిందేమన్నా ఉండాదా?"

"ఒకటి ఉండాది, నిమ్మకాయంత."

అతను లేచి, పిందె కింద వెయ్యడానికి గోనెపట్టా చంకన పెట్టుకుని నిమ్మళంగా మిద్దె మెట్లెక్కసాగాడు. కింద వంటింట్లో వనజ కత్తికి సాన పడుతున్న చప్పుడు వినిపించింది.