గడ్డ కట్టడానికీ తీరికుండాలి!

సుగుణమ్మ బర్రె పాలు పితుకుతోంది. పితుకుతూ మధ్యలో ఎడమ కాలు చాపింది, మళ్లీ ముడిచింది. లోపలి నుంచి మొగుడి కేక వచ్చింది.

"ఏమే, వేడినీళ్లు! గోలీ ఏసుకునే యాళ్లయింది!"

అది అల్లాటప్పా గోలీ కాదు పాఠకులారా, రక్తాన్ని పలచన చేసే గోలీ! అమరచింతలో మా గోడ అవతలి రామచంద్రయ్య పెదనాయనకు కరోనా తగ్గినాక ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టింది. అందరూ అయ్యో పాపం అన్నారు. నేను మాత్రం అనను. కరోనా మనకు చేసిన మేలు ఏదైనా ఉందంటే, అది ఈ గడ్డే!

ఎట్లాగంటారా? వెనకట ఊళ్లో మర్యాద దక్కాలంటే ట్రాక్టర్ కొనాలి, లేదా సర్పంచ్‌గా గెలవాలి. ఇప్పుడు అంత తిప్పలెందుకు? ఒక్క గడ్డ చాలు! పలకరించే వాళ్లు బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకొని వస్తారు. పెదనాయన స్కానింగ్ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి, పెళ్లి ఆల్బమ్ చూపినట్టు చూపిస్తాడు. ఒక్కోసారి తలకిందులుగా పట్టుకుంటాడు. అయితేనేం? చూసినవాళ్లు "మంచిగ వచ్చింది" అనే అంటారు.

చదువు కూడా పెరిగింది! ఇవాళ గోలీ వేసుకోగానే కొత్తకోట నుంచి సుగుణమ్మ తమ్ముడు లింగస్వామి వచ్చి, "క్లాట్ అంటే ఏంది బావా?" అని అడిగాడు.

"జూరాల కాలువల గుర్రపుడెక్క అడ్డం పడితే నీళ్లు ఆగిపోతయి సూడు, గట్ల!" అన్నాడు పెదనాయన. పదో తరగతి తప్పిన మనిషి ఒక్క ముక్కలో అటు డాక్టరూ ఇటు ఇంజినీరూ అయిపోయాడు!

మరి సుగుణమ్మ పెద్దమ్మకు ఈ భోగం ఎందుకు పట్టలేదు? కరోనా ఆమెకూ వచ్చింది, అదే వారంలో. కానీ జ్వరం దిగకముందే లేచి పనిలో పడింది. బర్రెకు క్వారంటైన్ తెలియదు కదా! గడ్డ కట్టాలంటే రక్తం కాసేపు నిలబడాలి. ఆడవాళ్ల రక్తానికి నిలబడే తీరిక ఏది? ఈ సిద్ధాంతం నాది కాదు, ఆ ఇంటిదే. కాలు వాచిందని ఆమె మొన్న చెబితే, "పనిజేసే ఒళ్లు, నీకేమైతది? జర నూనె రాసి రుద్దుకో" అని పెదనాయన వైద్యం కూడా చెప్పేశాడు. ఫీజు లేకుండా!

"డాక్టర్ ఇంకేం జెప్పిండు బావా?" అని లింగస్వామి అడిగాడు.

"ఒక్క కాలే వాచినా, పిక్క గుంజినా, ముట్టుకుంటే వేడిగున్నా రుద్దొద్దన్నడు. ఎమ్మటే దవాఖానకు రావాల్నన్నడు. ఆ గడ్డ పైకెక్కి ఊపిరితిత్తులల్ల పడితే మనిషి దక్కడంట!"

"అమ్మో! ఏదీ, నీ కాళ్లు జర సూపియ్యి."

పెదనాయన పంచె ఎత్తాడు. లింగస్వామి వంగి రెండు పిక్కలూ ఒత్తి చూశాడు. "కొంగ కాళ్ల లెక్కున్నయి బావా. నీకేం కాదు!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

చాయ పళ్లెం పట్టుకొని పెద్దమ్మ అక్కడే నిలబడి ఉంది. చీర అంచు కింద ఆమె ఎడమ పిక్క బిగిసి నిగనిగలాడుతోంది. దాన్ని ఎవరూ చూడలేదు. చూడాల్సిన కాళ్లు అప్పటికే చూసేశారు కదా! అయినా ఎంత మర్యాద లేని రక్తం! పొద్దస్తమానం నడిచే మనిషి ఒంట్లో కూడా నిలబడుతుందా?

పెద్దమ్మ తన కాలి వైపు చూసుకుంది. పళ్లెం బల్ల మీద పెట్టింది. లోపలికి పోయి ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు తెచ్చుకొని కొంగున చుట్టుకుంది. ఎడమ కాలికి చెప్పు పట్టలేదు. దాన్ని చేత పట్టుకుంది.

"ఏమే, చాయల చక్కెర ఎయ్యలేదా?"

రోడ్డు మీద వనపర్తి దవాఖాన వైపు పోయే ఆటో హారన్ కొడుతోంది. పెద్దమ్మ వెనక్కి చూడకుండా గడప దాటి వెళ్లిపోయింది.