హెడ్మాస్టర్ల ధర్నా, ఇంటి గంట

ఆ పొద్దున్న హెడ్మాస్టరు గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దం ముందు పిడికిలి బిగించి నినాదాలు సాధన చేస్తున్నారు. ఆయన హెడ్మాస్టర్ల సంఘానికి అధ్యక్షుడు. ప్రతి బడికీ ఒక డిప్యూటీని ఇవ్వాలని ఆ రోజే ధర్నా. పైకి అది సంఘం కోరికే గానీ, లోపల ఆయన ఆరాటం వేరు. వచ్చే నెలలో కూతురికి తొలి కాన్పు. బడి అప్పగించడానికి డిప్యూటీ లేనిదే హెడ్మాస్టరుకు ఒక్క రోజుకు మించి సెలవు దొరకదు. పుట్టిన బిడ్డను అందరికన్నా ముందు ఎత్తుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

"ఏమోయ్, ఇవాళ బడి నీ చేతిలోనే కదా? కాస్త గోలగా ఉండనియ్యి. మేం లేకపోతే బడి నడవదని విద్యాధికారికి కళ్లారా కనపడాలి. డిప్యూటీ వచ్చాడంటే ఇద్దరం కలిసి కాన్పుకు వెళ్లొచ్చు," అని భార్యను బతిమాలారు. ఆమె అదే బళ్లో లెక్కల టీచరు, అందరిలోకీ సీనియరు.

"భలేవారే! మీ ధర్నా కోసం నా బడి పాడుచేసుకోనా? నా వల్ల కాదు బాబూ," అంటూ ఆవిడ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

షామియానా సరిగ్గా ఆ బడికి ఎదురుగానే వేశారు. అదే కొంప ముంచింది. బళ్లో చీమ చిటుక్కుమంటే ఒట్టు. గోలంతా షామియానాలోనే. హెడ్మాస్టర్లందరూ అలవాటు కొద్దీ ఒకరినొకరు "సైలెన్స్! సైలెన్స్!" అని గదమాయించుకుంటున్నారు, నినాదం మాత్రం ఒక్కటీ లేవడం లేదు.

"అధ్యక్షులుగారూ, మీ బడి మన పరువు తీస్తోందండీ! అధికారి వచ్చే వేళయింది. ఏదో ఒకటి చేయండి," అన్నారు పక్కన కూర్చున్న హెడ్మాస్టరు.

అధ్యక్షుడు ప్యాంటు పైకి మడిచి వెనక గోడ దూకారు. టీచరు లేని ఏడో తరగతి చూసుకుని అందులో దూరారు. పిల్లలంతా చటుక్కున లేచి నిలబడ్డారు.

"కూర్చోండి. కాసేపు అల్లరి చేయండి."

పిల్లలు మొహమొహాలు చూసుకుని చేతులు కట్టుకున్నారు.

"చేయమంటుంటే మీకు కాదూ!" అని ఉరిమారాయన.

ముందు బెంచీ పిల్ల భోరుమంది. "తప్పయిపోయింది సార్! ఇంకెప్పుడూ చేయం సార్!"

ఇక లాభం లేదనుకుని ఆయన వరండాలోకి ఉరికి, ఇంటికి వదిలే గంట గణగణా కొట్టేసి, వచ్చిన దారినే షామియానాలో వచ్చి పడ్డారు. వెనకాలే బడి బడంతా రోడ్డెక్కింది.

"ఒరేయ్, హెడ్మాస్టర్లందర్నీ బయట కూర్చోబెట్టార్రా!" అని ఎవడో అరిచాడు. అంత వేడుక మళ్లీ దొరకదని పిల్లలు షామియానాను చుట్టుముట్టారు. తాళ్లు ఊడాయి, గుడ్డ కాస్తా సంఘం నెత్తిన కూలింది. విద్యాధికారి కారు దిగేసరికి ఆ గుడ్డ కిందనుంచి "సైలెన్స్!" అన్న కేకలు మాత్రమే వినిపిస్తున్నాయి.

"అమ్మో, మీరు ఒక్క పూట లేకపోతే ఇంత ఘోరమా! డిప్యూటీలను ఇవ్వాల్సిందే," అన్నారు అధికారి లెంపలేసుకుంటూ. గుడ్డ కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చిన అధ్యక్షుడి కళ్లలో ఆనందబాష్పాలు.

అంతలో లెక్కల టీచరు గేటు దగ్గరికి వచ్చి, "వరసలు," అంది. అంతే. పిల్లలు బుద్ధిగా బారులు తీరి లోపలికి నడిచారు.

అధికారి నోరు తెరిచి చూశారు. "ఎవరండీ ఆవిడ?"

"మా... మా ఆవిడేనండీ."

"ఇంకేం! మీ బడికి ఆవిడే డిప్యూటీ. రేపే ఆర్డరు. ఒక్కటే షరతు, మీ ఇద్దరిలో ఎవరో ఒకరు బళ్లో ఉండి తీరాలి. ఇద్దరికీ ఒకేసారి సెలవు కుదరదు."

సంఘమంతా చప్పట్లు కొట్టింది. అధ్యక్షుడు నీరుగారిపోయారు. ఆ సాయంత్రం కూతురికి ఫోను చేసి, ఆశ చావక, ఎవరు రావాలని అడిగారు.

"అదేం ప్రశ్న నాన్నా? అమ్మ ఉండాలి కదా!"

మరుసటి నెల డిప్యూటీ గారు కాన్పుకు వెళ్లారు. ఆవిడ సెలవు చీటీ మీద సంఘం అధ్యక్షులవారే సంతకం పెట్టారు.